గ్రాఫ్‌లో అంకె కరెక్టే.. మరి బొమ్మ? సింపుల్‌గా ఉండాలా, ఆకట్టుకోవాలా? 40 ఏళ్లుగా తేలని డిజైన్ పంచాయితీ!

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 39.40 శాతం ఓట్లు వచ్చాయి. బీఆర్ఎస్‌కు 37.35 శాతం. తేడా 2.05 మాత్రమే. ఈ రెండు అంకెలతో రెండు బార్లు గీయాలనుకోండి. స్కేల్‌ను సున్నా నుంచి మొదలుపెడితే రెండూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. అదే స్కేల్‌ను 37 నుంచి మొదలుపెడితే.. ఒక బార్ ఇంకో బార్‌కు దాదాపు ఏడు రెట్లు పొడవుగా కనిపిస్తుంది!

రెండు గ్రాఫుల్లోనూ అంకెలు అవే. ఎక్కడా అబద్ధం రాయలేదు. కానీ మొదటిది చూసినవాళ్లు "హోరాహోరీ పోటీ" అంటారు. రెండోది చూసినవాళ్లు "ఏకపక్షం" అంటారు. ఫోన్‌లో వీడియో చూస్తూ స్క్రోల్ చేసే మనకు ఒక గ్రాఫిక్ మీద కన్ను నిలిచేది రెండు మూడు సెకన్లే. ఆ టైమ్‌లో అంకె చదవం. బొమ్మ చూస్తాం. బొమ్మే గుర్తుంటుంది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేదీ ఆ బొమ్మే.

మరి మంచి గ్రాఫిక్ అంటే ఏంటి? హంగులేవీ లేకుండా సాదాగా ఉండాలా? లేక రంగులతో, బొమ్మలతో కట్టిపడేయాలా? దీని మీద డిజైనర్లు, లెక్కల నిపుణులు, జర్నలిస్టులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన ఏంటి, అందులో మనకు పనికొచ్చేది ఏంటి.. ఒక్కొక్కటిగా చూద్దాం.

గొడవ ఎక్కడ మొదలైంది?

ఈ వాదనలో ఒకవైపు ప్రధానంగా వినిపించే పేరు ఎడ్వర్డ్ టఫ్టీ. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1983లో ఆయన 'ది విజువల్ డిస్‌ప్లే ఆఫ్ క్వాంటిటేటివ్ ఇన్ఫర్మేషన్' అనే పుస్తకం తెచ్చారు. తాను కోరుకున్నట్టే అచ్చవ్వాలని ఇల్లు తాకట్టు పెట్టి మరీ సొంతంగా ప్రచురించుకున్నారు. ఆ పుస్తకం ఈ రంగంలో పెద్దబాలశిక్ష లాంటిది అయిపోయింది.

టఫ్టీ చెప్పేది సింపుల్. గ్రాఫ్ మీద పడే ప్రతి చుక్క ఇంకూ ఏదో ఒక సమాచారం చెప్పాలి. చెప్పకపోతే తుడిచేయండి. వెనకాల గళ్లు, నీడలు, త్రీడీ ఎఫెక్టులు, అవసరం లేని బొమ్మలు.. వీటన్నిటికీ కలిపి ఆయన పెట్టిన పేరు 'చార్ట్‌జంక్'. అంటే గ్రాఫ్‌లో చెత్త అన్నమాట.

రెండోవైపు ఉన్నది నైజెల్ హోమ్స్. బ్రిటన్‌కు చెందిన డిజైనర్. 1978 నుంచి 1994 వరకు అమెరికా 'టైమ్' మ్యాగజైన్‌లో గ్రాఫిక్స్ చేశారు. ఈయన దారి వేరు. ఎన్నికల ఖర్చు పెరిగిందని చెప్పాలంటే నోరు తెరిచిన రాక్షసుడిని గీసి, వాడి కోరలనే బార్లుగా పెట్టేవారు. వజ్రం ధర పెరిగి పడిపోయిందని చెప్పడానికి 1982లో ఒక డ్యాన్సర్ బొమ్మ వేశారు. ఆమె కాలి వంపు వెంబడే ధర గీత ఎక్కి దిగుతుంది.

ఆ వజ్రాల గ్రాఫ్‌ను టఫ్టీ 1990లో వచ్చిన తన ఇంకో పుస్తకంలో ఉతికి ఆరేశారు. చదివేవాళ్లను తెలివితక్కువవాళ్లుగా లెక్కగట్టే పని ఇది అన్నది ఆయన విమర్శ సారాంశం. హోమ్స్ వైపువాళ్ల జవాబు కూడా గట్టిదే. అసలు పేజీ దగ్గర ఆగనివాడికి మీ శుభ్రమైన గ్రాఫ్ ఏం చెబుతుంది? ముందు వాడిని ఆపాలి కదా!

టీవీ న్యూస్‌రూమ్‌లలో రోజూ జరిగే చర్చ కూడా సరిగ్గా ఇదే. ప్లేట్ నీట్‌గా ఉండాలని ఒకరు, పంచ్ ఉండాలని ఇంకొకరు.

పరీక్ష పెడితే ఏం తేలింది?

వాదనలు సరే, ఎవరైనా పరీక్షించి చూశారా? చూశారు. కెనడాలోని సస్కాచువాన్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ఒక ప్రయోగం చేశారు. హోమ్స్ గీసిన బొమ్మల గ్రాఫులు కొన్ని తీసుకున్నారు. అవే అంకెలతో హంగులేమీ లేని సాదా గ్రాఫులు తయారు చేశారు. 20 మందికి చూపించి ప్రశ్నలు అడిగారు.

అక్కడికక్కడే అడిగితే పెద్ద తేడా లేదు. బొమ్మల గ్రాఫ్ చూసినవాళ్లు కూడా సాదా గ్రాఫ్ చూసినవాళ్లంత కరెక్ట్‌గానే చెప్పారు. అసలు తేడా రెండు మూడు వారాల తర్వాత బయటపడింది. బొమ్మల గ్రాఫులు ఎక్కువగా గుర్తున్నాయి.

దీంతో "చూశారా, చెత్త అన్నది పనికొచ్చింది" అని హోమ్స్ అభిమానులు సంబరపడ్డారు. అయితే అటువైపు వాళ్లూ ఊరుకోలేదు. పాల్గొన్నది 20 మందే. పోల్చిన సాదా గ్రాఫులు మరీ బోసిగా ఉన్నాయి. పైగా హోమ్స్ లాంటి చేయి తిరిగిన డిజైనర్ గీసిన బొమ్మ వేరు, ఎవరో హడావుడిగా అంటించిన క్లిప్‌ఆర్ట్ వేరు. ఈ అభ్యంతరాల్లోనూ న్యాయం ఉంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బొమ్మ ఉన్నంత మాత్రాన గ్రాఫ్ చెడిపోదు. గుర్తుండటం కూడా గ్రాఫిక్ చేయాల్సిన పనుల్లో ఒకటి. ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది. గుర్తుండిపోయేది నిజమైన కొలతేనా?

మన కన్ను ఎలా కొలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు 1984లోనే కొంత దొరికింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన విలియమ్ క్లీవ్‌ల్యాండ్, రాబర్ట్ మెక్‌గిల్ మనిషి కన్ను దేన్ని కరెక్ట్‌గా కొలుస్తుంది, ఎక్కడ తడబడుతుంది అని పరిశీలించారు. ఆ పరిశీలనల సారాంశం ఇలా ఉంటుంది:

* ఒకే స్కేల్ మీద పక్కపక్కనే ఉన్న చుక్కలు, బార్లు.. వీటిని కన్ను బాగా పోల్చగలదు.
* విడివిడిగా ఉన్న పొడవులు.. పర్వాలేదు.
* కోణాలు.. అంటే పై చార్ట్‌లో ముక్కలు.. కొంచెం కష్టం.
* వైశాల్యం.. వలయాలు, బుడగల సైజులు.. ఇంకా కష్టం.
* ఘనపరిమాణం, రంగు ముదురు లేత.. ఇక్కడ కన్ను బాగా తడబడుతుంది.

అందుకే 1801లో స్కాట్లాండ్‌కు చెందిన విలియమ్ ప్లేఫెయిర్ మొదటిసారి గీసిన పై చార్ట్ అంటే చాలామంది నిపుణులకు ఇప్పటికీ పడదు. రెండు మూడు ముక్కలైతే ఓకే. ఎనిమిది పార్టీలకు ఎనిమిది ముక్కలు కోసి, పైగా త్రీడీలో పక్కకు వాల్చితే? ముందువైపు ఉన్న ముక్క లావుగా, వెనకవైపు ఉన్నది సన్నగా కనిపిస్తుంది. అంకె మారలేదు, ముక్క స్థానం మారిందంతే.

వైశాల్యంతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. ఒక ఊళ్లో ధాన్యం దిగుబడి రెండింతలైందని చెప్పడానికి బస్తా బొమ్మను రెండింతల ఎత్తు చేశారనుకోండి. ఎత్తుతో పాటు వెడల్పు కూడా రెండింతలవుతుంది. అంటే స్క్రీన్ మీద బస్తా ఆక్రమించే చోటు నాలుగింతలు! అది గుండ్రటి బస్తాలా కనిపిస్తే లోపల పట్టే ధాన్యం ఎనిమిదింతలని మనసు అనుకుంటుంది. చెప్పాల్సింది రెండింతలు, చూపించింది నాలుగింతలు, అర్థమైంది ఎనిమిదింతలు.

దీనికి మందు 1920లలోనే కనిపెట్టారు. ఆస్ట్రియాలోని వియన్నాలో ఒట్టో న్యూరాత్ అనే సామాజికవేత్త ఉండేవారు. చదువు పెద్దగా లేని కార్మికులకు కూడా దేశం లెక్కలు అర్థం కావాలన్నది ఆయన తపన. ఆయన బృందం పెట్టుకున్న రూల్: ఎక్కువ చూపించాలంటే బొమ్మను పెద్దది చేయొద్దు, అదే సైజు బొమ్మలను ఎక్కువ సార్లు వేయండి. రెండింతలైతే రెండు బస్తాలు. పది రెట్లైతే పది బస్తాలు. చూసేవాడు వేళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. ఐసోటైప్ అనే పేరుతో ఈ పద్ధతి ప్రపంచమంతా తెలిసింది.

గమనించారా? న్యూరాత్ బొమ్మలు వాడారు, ఆకట్టుకున్నారు, కొలత మాత్రం తప్పలేదు. అంటే సింపులా, అందమా అనే రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పనే లేదు.

గోరంతను కొండంత చేస్తే.. ఎంత చేశారో లెక్క ఉంది!

బొమ్మ ఎంత అబద్ధం చెబుతోందో కొలవడానికి టఫ్టీ ఒక పద్ధతి చెప్పారు. దానికి 'లై ఫ్యాక్టర్' అని పేరు. అబద్ధాల కొలత అనుకోండి. బొమ్మలో కనిపించే మార్పును అంకెల్లో ఉన్న అసలు మార్పుతో భాగించాలి. ఒకటి వస్తే బొమ్మ నిజాయితీగా ఉన్నట్టు. పెరిగే కొద్దీ తేడా కొట్టినట్టు.

ఆయన ఇచ్చిన ఉదాహరణ 'న్యూయార్క్ టైమ్స్'లో 1978లో వచ్చిన గ్రాఫిక్. అమెరికాలో కార్ల మైలేజీ 1978లో గ్యాలన్‌కు 18 మైళ్లు ఉండాలి, 1985 నాటికి 27.5 మైళ్లకు చేరాలి అన్నది అక్కడి ప్రభుత్వ నిబంధన. పెరుగుదల 53 శాతం. రోడ్డు దూరం నుంచి దగ్గరకు వస్తున్నట్టు అందంగా గీసిన ఆ బొమ్మలో 18ని చూపించే గీత పొడవు 0.6 అంగుళాలు. 27.5ని చూపించే గీత 5.3 అంగుళాలు. అంటే బొమ్మలో పెరుగుదల 783 శాతం! అబద్ధాల కొలత 14.8 వచ్చింది. అంత పేరున్న పత్రికలోనే అలా జరిగింది.

స్కేల్ సున్నా నుంచే మొదలవ్వాలా?

2012లో అమెరికా ఫాక్స్ న్యూస్ ఛానల్ చూపించిన ఒక బార్ గ్రాఫ్ ఇప్పటికీ క్లాసుల్లో పాఠంగా చెబుతుంటారు. బుష్ కాలంనాటి పన్ను మినహాయింపులు పోతే గరిష్ఠ పన్ను రేటు 35 శాతం నుంచి 39.6 శాతానికి పెరుగుతుందన్నది వార్త. స్కేల్‌ను 34 నుంచి మొదలుపెట్టారు. దాంతో రెండో బార్ మొదటిదానికి ఐదు రెట్లకు పైగా పొడవైంది. నిజానికి పెరుగుదల 13 శాతమే.

బార్ గ్రాఫ్‌లో కన్ను కొలిచేది బార్ పొడవును. కింద ముక్క కోసేస్తే పొడవుకు అర్థమే ఉండదు. అందుకే బార్ గ్రాఫ్ అయితే సున్నా నుంచి మొదలవ్వాల్సిందే అన్న విషయంలో ఇరువైపులా పెద్దగా గొడవ లేదు.

మరి అన్ని గ్రాఫులకూ ఇదే రూలా? కాదు. జ్వరం సంగతే తీసుకోండి. మామూలు ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్. జ్వరం 102కి వెళ్లింది. సున్నా నుంచి గ్రాఫ్ గీస్తే పెరిగింది మూడున్నర శాతమే, గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. "ఏం కాలేదు" అనిపిస్తుంది. కానీ ఇంట్లో పిల్లాడికి 102 ఉంటే ఏ తల్లీ అలా అనుకోదు. ఇక్కడ ముఖ్యం మామూలు స్థాయి నుంచి ఎంత కదిలింది అన్నది. సున్నాకు అర్థం లేదు.

ఈ కిటుకును కావాలనే వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 2015 డిసెంబర్‌లో అమెరికాకు చెందిన 'నేషనల్ రివ్యూ' పత్రిక ప్రపంచ సగటు ఉష్ణోగ్రతల గ్రాఫ్ ఒకటి ట్వీట్ చేసింది. స్కేల్ మైనస్ 10 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు పెట్టారు. అంత పెద్ద స్కేల్ మీద భూమి వేడెక్కడం అన్నది తిన్నటి గీతలా కనిపించింది. స్కేల్ చిన్నది చేస్తే గోరంత కొండంత అవుతుంది. పెద్దది చేస్తే కొండంత గోరంత అవుతుంది. రెండూ మోసమే!

ఒకే ట్రిక్.. ఒకటి మెప్పు పొందింది, ఇంకోటి తిట్లు తింది

ఈ పంచాయితీలో అన్నిటికంటే ఆసక్తికరమైన కేసు ఇది. 2011లో హాంకాంగ్‌కు చెందిన 'సౌత్ చైనా మార్నింగ్ పోస్ట్' పత్రికలో సైమన్ స్కార్ అనే డిజైనర్ ఇరాక్ యుద్ధ మరణాల గ్రాఫ్ వేశారు. బార్లన్నీ పైనుంచి కిందికి వేలాడతాయి. రంగు ఎరుపు. చూడగానే గోడ మీద నుంచి రక్తం కారుతున్నట్టు ఉంటుంది. గ్రాఫ్ తలకిందులుగా ఉన్నా ఎవరూ పొరబడలేదు. డిజైన్ రంగంలో దానికి మంచి పేరొచ్చింది.

ఆ గ్రాఫ్ ప్రభావంతోనే 2014లో రాయిటర్స్ ఇంకోటి చేసింది. ఫ్లోరిడా రాష్ట్రంలో తుపాకీ హత్యల లెక్క. 2005లో అక్కడ ఆత్మరక్షణ కోసం కాల్పులు జరిపేవాళ్లకు రక్షణ పెంచుతూ ఒక చట్టం వచ్చింది. చట్టం తర్వాత హత్యలు పెరిగాయన్నది ఆ గ్రాఫ్ చెప్పాల్సిన విషయం. ఇందులోనూ స్కేల్ తలకిందులు, రంగు ఎరుపే. కానీ ఇది బార్లతో కాకుండా గీతతో గీసినది. కింద తెల్లటి భాగం ఉండటంతో చాలామంది కళ్లు ఆ తెల్లటి భాగాన్నే గ్రాఫ్ అనుకున్నాయి. ఫలితం.. చట్టం వచ్చాక హత్యలు దారుణంగా తగ్గాయని అర్థమైంది! సరిగ్గా వ్యతిరేకం. డేటా నిపుణులు తప్పుబట్టారు.

అంకెలు కరెక్ట్. మోసం చేయాలన్న ఉద్దేశమూ లేదు. అయినా బొమ్మ తప్పు చెప్పింది. చూసేవాళ్లలో ఎక్కువమందికి ఏం అర్థమైందన్నదే ఇక్కడ లెక్క. డిజైనర్ మనసులో ఏముందన్నది కాదు.

ఈ కథకు ఇంకో కొసమెరుపు ఉంది. ఆండీ కాట్‌గ్రీవ్ అనే డేటా నిపుణుడు ఆ ఇరాక్ గ్రాఫ్‌నే తీసుకుని తిరగేసి, ఎరుపు రంగు తీసేసి, మరణాలు తగ్గుతున్నాయి అనే అర్థం వచ్చే హెడింగ్ పెట్టారు. అవే అంకెలు. కానీ రక్తం కారుతున్న బొమ్మ కాస్తా పరిస్థితి మెరుగవుతున్న కథ అయిపోయింది. రెండూ నిజమే. అంటే ఏ గ్రాఫూ ఊరికే అంకెలు చూపించదు. ఎక్కడ చూడాలో కూడా చెబుతుంది. అది గుర్తుపెట్టుకుని చూడటం మన పని.

మన ఎన్నికల మ్యాప్ ఎంత నిజం?

ఫలితాల రోజు టీవీలో రంగుల మ్యాప్ లేకుండా బులెటిన్ నడవదు. పసుపు, గులాబీ, నీలం, కాషాయం.. జనానికి పార్టీల రంగులు అలవాటే కాబట్టి ఇట్టే అర్థమవుతుంది. కానీ మ్యాప్‌లో ఒక ఇబ్బంది ఉంది. మ్యాప్ కొలిచేది నేలను. ఎన్నిక కొలిచేది మనుషులను.

హైదరాబాద్ జిల్లాను చూడండి. వైశాల్యం 217 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే రాష్ట్రంలో 0.2 శాతం నేల కూడా కాదు. కానీ 119 అసెంబ్లీ సీట్లలో 15 ఇక్కడే ఉన్నాయి. అంటే 12 శాతానికి పైనే. 2023 ఫలితాల్లో ఈ 15లో ఎంఐఎంకు 7, బీఆర్ఎస్‌కు 7, బీజేపీకి 1 వచ్చాయి. రాష్ట్రంలో 64 సీట్లతో గెలిచిన కాంగ్రెస్‌కు ఇక్కడ ఒక్కటీ రాలేదు. మామూలు మ్యాప్‌లో ఈ కథంతా ఒక చుక్క కింద దాక్కుంటుంది. ఫోన్ స్క్రీన్ మీదైతే ఆ చుక్క కూడా కనిపించదు.

అందుకే కొందరు డిజైనర్లు ప్రతి నియోజకవర్గానికీ ఒకే సైజు గడి ఇచ్చి, వాటిని రాష్ట్రం ఆకారంలో పేరుస్తారు. కొలత సరిపోతుంది. కానీ "మా ఊరు ఎక్కడ?" అని వెతుక్కునేవాళ్లకు అది పనికిరాదు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

సీట్లా, ఓట్లా అన్నది ఇంకో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 175కి 11. సీట్ల గ్రాఫ్ చూస్తే పార్టీ తుడిచిపెట్టుకుపోయినట్టు ఉంటుంది. ఓట్ల గ్రాఫ్ చూస్తే ప్రతి పది మందిలో దాదాపు నలుగురు ఇటు వేసినట్టు కనిపిస్తుంది. 2019లో ఇదే పరిస్థితి టీడీపీది. 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. ఆ ఏడాది వైసీపీకి 49.95 శాతం ఓట్లతో 151 సీట్లు వచ్చాయి. గెలిచినవాళ్లు సీట్ల బొమ్మ షేర్ చేస్తారు, ఓడినవాళ్లు ఓట్ల బొమ్మ షేర్ చేస్తారు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరూ మొత్తం చెప్పట్లేదు. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే చూసేవాళ్లకు న్యాయం జరుగుతుంది.

ప్రాణాల మీదకు వచ్చినప్పుడు..

గ్రాఫ్ గొడవే కదా అని తీసిపారేయడానికి లేదు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకే పేలిపోయింది. ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. రాకెట్ కీళ్ల దగ్గర ఉండే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి, సరిగా మూసుకోకపోవడమే కారణమని తేలింది.

ముందురోజు రాత్రే రాకెట్ తయారు చేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజినీర్లు భయపడ్డారు. ఇంత చలిలో వద్దని చెప్పారు. 13 చార్టులు ఫ్యాక్స్‌లో పంపారు. వాటిలో పట్టికలు, వివరాలు ఉన్నాయి. కానీ చలి పెరిగే కొద్దీ రింగులకు దెబ్బ పెరుగుతోందని ఒక్క చూపులో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదని టఫ్టీ 1997లో రాశారు.

ప్రమాదంపై వేసిన విచారణ కమిషన్ కూడా ఈ విషయం చూపించింది. దెబ్బతిన్న ప్రయాణాలను మాత్రమే గ్రాఫ్‌లో పెడితే చలికీ దెబ్బకీ సంబంధం కనిపించదు. దెబ్బతినని ప్రయాణాలను కూడా చేర్చితే తెలిసిపోతుంది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉన్న 20 ప్రయాణాల్లో మూడింటిలోనే సమస్య. 63, అంతకంటే తక్కువ ఉన్న నాలుగింటిలో.. నాలుగింటిలోనూ సమస్యే!

అయితే దీన్నీ కాదన్నవాళ్లున్నారు. ఆ రాత్రి వద్దని గట్టిగా వాదించిన ఇంజినీర్లలో ఒకరైన రోజర్ బోయిజోలీ, మరికొందరు కలిసి 2002లో జవాబు రాశారు. టఫ్టీ గాలి ఉష్ణోగ్రతను, రింగుల ఉష్ణోగ్రతను కలిపేశారని, ఆయన గీసిన బొమ్మకు కావాల్సిన లెక్కలన్నీ ఆ రాత్రి తమ చేతిలో లేవని చెప్పారు. తాము వద్దనే చెప్పామని, పైవాళ్లు వినలేదని గుర్తుచేశారు. అంటే మంచి గ్రాఫ్ ఉన్నా అన్నీ చక్కబడవు. వినే మనసు కూడా ఉండాలి. కానీ వినే మనసున్నవాడికి విషయం చేరాలంటే బొమ్మ సరిగ్గా ఉండాల్సిందే.

చిన్న స్క్రీన్.. పెద్ద బాధ్యత

టఫ్టీ, హోమ్స్ వాదించుకుంది కాగితం మీద బొమ్మల గురించి. పాఠకుడు పేజీ పట్టుకుని ఎంతసేపైనా చూడొచ్చు. ఇప్పుడు మనం చూసేది అరచేతిలో. అదీ కదిలే వీడియోలో. బార్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ పరిగెత్తే వీడియోలు చూసే ఉంటారు. భలే సరదాగా ఉంటాయి. కానీ ఐదు సెకన్ల క్రితం ఏ దేశం ఎక్కడుందో గుర్తుందా? కన్ను పరుగు చూస్తుంది, కొలత చూడదు. చాలా వీడియోల్లో మొదటి బార్ ఎప్పుడూ స్క్రీన్ చివరి వరకే ఉంటుంది. మారేది స్కేల్. దాంతో అసలు ఎంత పెరిగిందో కంటికి తెలియదు.

రంగుల సంగతి కూడా ఉంది. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా కనిపించనివాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. లాభం ఆకుపచ్చ, నష్టం ఎరుపు అని రంగుతోనే చెబితే వాళ్లకు రెండూ ఒకటే. బాణం గుర్తో, పక్కన అంకెో పెడితే ఆ సమస్య తీరిపోతుంది.

ఫార్వర్డ్ కొట్టే ముందు ఈ 6 చూడండి

1. స్కేల్ ఎక్కడ మొదలైంది? బార్ గ్రాఫ్ అయితే సున్నా ఉందా లేదా చూడండి. అసలు స్కేలే లేకపోతే ఆ బొమ్మను నమ్మాల్సిన పనిలేదు.

2. మొత్తం వంద అవుతుందా? 2009లో షికాగోలోని ఒక ఫాక్స్ స్టేషన్ ముగ్గురు నేతల మద్దతును పై చార్ట్‌లో చూపించింది. 70, 63, 60 శాతం. కలిపితే 193! ఒక్కొక్కరు ఒకరికంటే ఎక్కువమందికి మద్దతు తెలపొచ్చు కాబట్టి అంకెల్లో తప్పులేదు. కానీ పై చార్ట్ అంటే ఒకే రొట్టెను పంచడం. ఇక్కడ ఆ బొమ్మే పనికిరాదు.

3. తేదీలు వరుసలో ఉన్నాయా? 2020 మేలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ఆరోగ్య శాఖ కోవిడ్ కేసుల గ్రాఫ్‌లో తేదీలను వరుసలో కాకుండా, ఎక్కువ కేసుల రోజు నుంచి తక్కువ కేసుల రోజుకు పేర్చింది. చూస్తే కేసులు రోజురోజుకూ తగ్గుతున్నట్టే ఉంది. విమర్శలు రావడంతో సరిచేశారు, క్షమాపణ చెప్పారు.

4. బొమ్మ ఎత్తు పెరిగిందా, సైజు పెరిగిందా? నాణెం, బస్తా, మనిషి బొమ్మలు పెద్దవవుతుంటే అంకె చూడండి, బొమ్మను చూసి లెక్కేయకండి.

5. ఏది వదిలేశారు? ఐదేళ్ల గ్రాఫ్ వేసి ఆరో ఏడాది ఎందుకు ఆపారు? సీట్లు చూపించి ఓట్లు ఎందుకు చూపించలేదు? కనిపించని అంకె ఒక్కోసారి కనిపించేదానికంటే ఎక్కువ చెబుతుంది.

6. లెక్క ఎవరిది, ఏ తేదీది? ఈ రెండూ కింద రాసి లేకపోతే ఫార్వర్డ్ చేయకుండా ఆగిపోవడమే మంచిది.

ఇంతకీ ఎవరు గెలిచారు?

సాదా గ్రాఫ్ కావాలన్న టఫ్టీనా, కట్టిపడేయాలన్న హోమ్స్‌నా? నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది. గ్రాఫ్ సాదాగా ఉంటే నిజాయితీగా ఉన్నట్టు కాదు. 37 నుంచి మొదలైన బార్ గ్రాఫ్‌కు ఏ హంగూ లేకపోయినా అది తప్పుదోవ పట్టిస్తుంది. అందంగా ఉంటే మోసం చేసినట్టూ కాదు. న్యూరాత్ బొమ్మలే దానికి సాక్ష్యం. అలంకారం తప్పు కాదు. అలంకారం కోసం కొలత మారిస్తేనే తప్పు.

కాబట్టి ఈసారి స్క్రీన్ మీద ఏ గ్రాఫిక్ కనిపించినా.. మాది అయినా సరే.. ఒక్క పని చేయండి. వీడియో పాజ్ చేయండి. ముందు అంకెలు చదవండి, తర్వాత బొమ్మ చూడండి. రెండూ ఒకే మాట చెబితే షేర్ చేయండి. వేర్వేరు మాటలు చెబితే.. అంకెనే నమ్మండి.